తోడల్లుడి సగం ట్యాంకు

పోయినవి ముందు చెప్పేస్తాను. ఒక జీడి సీజను మొత్తం కాటా పక్కన నా కుర్చీ పోయింది. మా ఆవిడా, వాళ్ల అక్కా ఏటా కలిసి పట్టుకునే ఆవకాయ పోయింది. ఇప్పుడు రెండిళ్లలో రెండు జాడీలు, రెండింటిలోనూ ఉప్పు తప్పే. కొయ్యూరు సంతలో నాకున్న పేరు పోయి, దాని చోట ఇంకో పేరు వచ్చింది. బ్యాటరీ యాసిడ్ పడి మంచి ప్యాంటు పోయింది. కారు కింద దూరి ట్యాంకు కొలుస్తుంటే కుడి మోచేతి తోలు పోయింది. నర్సీపట్నంలో నేను మామూలుగా నడిచే వీధుల్లో ఒకటి తగ్గింది. మా ఆవిడ నాతో మాట్లాడని రోజులను ఈ లెక్కలో వేయడం లేదు, వాటిలో కొన్ని హాయిగానే గడిచాయి.

ఇంత నష్టానికీ కారణం ఒక పాత స్పోర్ట్స్ కారులో వేలెడంత కూడా లేని పెట్రోలు ముల్లు అని మా చుట్టాలంతా తేల్చేసి ఊరుకున్నారు. నేను ఒప్పుకోను. ముల్లు తన పని తాను చేసింది.

కారు మా తోడల్లుడిది, అంటే మా ఆవిడ అక్కగారి భర్తది. ఆయన ప్రహరీగోడలు, షెడ్లు కాంట్రాక్టుకు కట్టిస్తాడు. విశాఖపట్నంలో ఎవరో వదిలించుకోవాలని చూస్తున్న ఎర్ర కారును తెచ్చుకున్నాడు. రెండు తలుపులు, రెండే సీట్లు, మడిచేసే గుడ్డ టాపు. ఇరవై ఏళ్లు దాటిన బండి. అందులో కూర్చుంటే చాప మీద కూర్చుని విస్తరి కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. రోడ్డు పక్క కుక్కలు మన కళ్లలోకి సూటిగా చూస్తాయి. మా ఊరి స్పీడు బ్రేకర్లలో సగం దాని పొట్టను గీకుతాయి. అయినా సాయంత్రం అయ్యేసరికి టాపు తీసి, నల్లకళ్లద్దాలు పెట్టుకుని బస్టాండు దాకా ఒక చుట్టు, తిరిగి ఇంటికి ఒక చుట్టు. అంతకు మించి దాన్ని ఎక్కడికీ తీసుకెళ్లేవాడు కాదు.

వీధిలో అందరి ఇళ్లకంటే తన ఇల్లు ఎత్తుగా ఉండాలని ఆయన పునాది బాగా లేపించాడు. ఇల్లు ఎత్తయింది కాబట్టి గేటు దాకా సిమెంటు ర్యాంపు వేయించాల్సి వచ్చింది. కారును ఆ ర్యాంపు మీద, ముక్కు ఇంటి వైపు పైకి ఉండేలా, దారిన పోయేవాళ్లకు కనబడేలా నిలబెట్టేవాడు.

నా పని వేరు. జీడిపిక్కలు కొనే ఒక షావుకారుగారి దగ్గర కాటా చూస్తాను. బస్తా తూకం, గోనెసంచి బరువు తీసివేత, తేమకు తరుగు, చివరికి చేతికి రావలసిన సొమ్ము. పదో తరగతి దాటలేదు. లెక్కలు ఆ తర్వాత నా అంతట నేను కూర్చుని నేర్చుకున్నవి. కొండ మీద నుంచి పిక్కలు తెచ్చే కుటుంబాలూ, కొనే షావుకారూ, ఇద్దరూ నా నోట వచ్చిన అంకె విని గొడవపడకుండా వెళ్లిపోయేవారు. నా జీతం ఆ వెళ్లిపోవడానికే. అది ఆగితే నాకు ఇంకో విద్య రాదు.

కొయ్యూరు సంత రేపనగా నా మోటారు సైకిలు ఇంజను విప్పి షెడ్డులో పడి ఉంది. షావుకారుగారి వ్యాను ముందే పైకి వెళ్లిపోయింది. మా ఆవిడ వాళ్ల అక్కకు ఫోను చేసింది. అలా ఆ కారు నా నెత్తిన పడింది.

పొద్దున్నే వెళ్లేసరికి తోడల్లుడు ర్యాంపు మీద నిలబడి పళ్లు తోముకుంటున్నాడు. తాళం వెంటనే ఇవ్వలేదు. ముందు నన్ను సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పించాడు. ముల్లు మెల్లగా లేచి సరిగ్గా మధ్య గీత మీద నిలబడింది.

"సూసినావా? సగం టేంకు. నలబై లీటర్ల టేంకు ఇది. అంటే ఎంత?"

"ఇరవై అన్నియ్యా."

"లెక్కల మాస్టారివి కదా, నీ నోటంటే ఇనాలని. సగంతో ఇస్తన్నాను, సగంతోటే తేవాల."

"అలాగే."

"ఇంకోటి. రోడ్డు మీద పోతన్నప్పుడు ముల్లు సూడకు. అది ఊగులాడతాది. ఇదిగో, ఇక్కడ, నా ఇంటి ముందర నిలబెట్టినప్పుడు ఏటి సూపించిందో అదే కరెస్టు."

ఈ మాట గుర్తుంచుకోండి. ఏ మీటరును ఎక్కడ చదవాలో తన ఇంటి గుమ్మం నిర్ణయిస్తుందని నమ్మే మనిషి ఆయన.

ఊరు దాటి చదును రోడ్డు మీదకు రాగానే ముల్లు దిగడం మొదలుపెట్టింది. సగం నుంచి పావుకు, పావు నుంచి ఇంకా కిందికి వచ్చి, ఎర్రగీతకు కొంచెం పైన ఆగింది. నేను ముల్లు చూడకూడదని ఆజ్ఞ కాబట్టి చూడనట్టు నటించాను. కొండ ఎక్కుడు మొదలైంది. అప్పుడు ముల్లు లేచింది. పెట్రోలు తగలబడిపోతూ ఉంటే ముల్లు పైకి పోతోంది. సగానికి దగ్గరగా వెళ్లి నిలబడింది. సరే, దీనికి నిజంగానే పిచ్చి, తోడల్లుడు చెప్పింది నిజమే అనుకున్నాను. రానూపోనూ ఎనిమిది లీటర్లు చాలు, అందులో ఎక్కువ భాగం ఎక్కుడుకే పోయినా ఇరవై ఉన్నాయి కదా అనే ధైర్యంతో, ముల్లు వైపు మళ్లీ చూడకుండా ఎక్కించాను. కొయ్యూరు ఇంకా ఉందనగా ఇంజను రెండుసార్లు దగ్గి చచ్చిపోయింది.

దారిలో ఒక కిరాణా కొట్టు దాకా నడిచి సీసాల్లో నాలుగు లీటర్లు కొన్నాను. కొట్టాయన బంకు రేటుకు ఎంత ఎక్కువ వేశాడో రాయను, అది వేరే పగ. సంతకు ఆలస్యంగా చేరాను. అప్పటికే రెండు వరుసల బస్తాలు ఎండలో నిలబడి ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో దిగుడు వచ్చినప్పుడల్లా ముల్లు సున్నాకు పడిపోయేది, ఇంజను ఊపిరి అందనట్టు దగ్గేది. చదునుకు రాగానే మళ్లీ మామూలే. కారు తెచ్చి ర్యాంపు మీద పెట్టి తాళం చేతికిస్తూ, "అన్నియ్యా, దీంట్లో నువ్వన్నంత పెట్రోలు లేదు. దారిలో ఆగిపోయింది," అన్నాను.

ఆయన తాళం తిప్పి ముల్లు చూశాడు. పావుకు కూడా రాలేదు.

"ఇరవై ఇచ్చినాను. కొయ్యూరు పోయి రాడానికి ఎంత?"

"ఎనిమిది."

"మిగిలిన పన్నెండేటి, కొండ మీద కాపురం ఉంటాయా?"

"ఇరవై ఉంటే కదా అన్నియ్యా, మిగలడానికి. మొన్న ఎంతకి కొట్టించినావు?"

"ఎప్పుడు కొట్టించినా ఐదొందలకే. ఐదొందలు కొడితే సగం వస్తాది."

"లీటరు నూరు దాటిపోయింది. ఐదొందలకి ఇరవై లీటర్లు ఏ బంకోడు పోసినాడు? సెప్పు, నాను కూడా అక్కడికే పోతాను."

ఇక్కడ ఆయన ఆగాల్సింది. మా ప్రాంతంలో పెట్రోలు ఎవరూ లీటర్లలో కొనరు. వందకు కొట్టు, రెండొందలకు కొట్టు అంటారు, ముల్లు వైపు ఒకసారి చూస్తారు, పోతారు. ఇచ్చిన రూపాయలనూ లేచిన ముల్లునూ భాగహారం చేసి చూసిన మనిషి నాకు ఇంతవరకూ కనబడలేదు. తోడల్లుడు కూడా ఏనాడూ చేయలేదు. కానీ నోరు ఆగలేదు.

"లోపల ముందే ఉంది కదేటి! దాని మీద కొట్టించినాను. నువ్వు గొట్టం పెట్టి లాగినావు. అమ్ముకున్నావో, నీ మోటారు సైకిల్లో పోసుకున్నావో నాకు తెలీదు."

"నా మోటారు సైకిలుకి ఇంజనే లేదు అన్నియ్యా, షెడ్డులో ఉంది."

"అయితే అమ్ముకున్నావు."

వాకిట్లో వదిన నిలబడి ఉంది. "మరిదిగారు అలాటోరు కాదండీ," అంది. ఆ మాట అంటూనే నా చేతి సంచి వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేదు.

తిట్టుకుని వదిలేస్తే ఇంటి గొడవగా పోయేది. కానీ ఆ రోజుల్లో షావుకారుగారి జీడి కళ్లానికి ప్రహరీగోడ కడుతున్నది ఈయనే. ఇటుక లెక్కకు వెళ్లినప్పుడల్లా అక్కడ ఇదే కబురు. మేస్త్రీల నుంచి వ్యాను డ్రైవరుకు, డ్రైవరు నుంచి సంతకు. తర్వాతి సంతలో, ఎప్పుడూ నా దగ్గరే తూయించుకునే ఒక ముసలావిడ బస్తా కాటా మీద పెట్టి, దాని మీద రెండు చేతులూ వేసి నిలబడింది.

"బాబూ, పెట్రోలు పీల్చినట్టు మా పిక్కలు కూడా పీల్చేత్తావేటి?"

వరుసంతా నవ్వింది. నేను తూచి అంకె చెప్పాను. ఆవిడ వెనక్కి తిరిగి, "ఇంకోపాలి తుయ్యమను," అంది షావుకారుగారితో. అన్ని సీజన్లలో నా అంకెను రెండోసారి తూయమన్న మొదటి మనిషి ఆవిడ. వెనకున్నవాళ్లూ అదే అడిగారు. మధ్యాహ్నానికల్లా నేను "పెట్రోలు బాబు"ని అయిపోయాను.

షావుకారుగారు ఆ సాయంత్రమే పిలిచారు. పెద్దమనిషే, కానీ వ్యాపారస్తుడు.

"నువ్వు తీసినావని నాననను. కానీ ప్రతీ బస్తా రెండుసార్లు తూస్తే నా పొద్దెలా గడుస్తాది? మా బావమరిది ఖాళీగా ఉన్నాడు. ఈ సీజనుకి ఆడు కూకుంటాడు."

"మరి నా సంగతండీ?"

"నీ మీద పడ్డ మాట నువ్వే దులుపుకో. రుజువు సూపించు, ఆ తర్వాత మాటాడదాం."

రుజువంటే కారు కావాలి. కారు తోడల్లుడి ర్యాంపు మీద ఉంది. ఆయన ఇవ్వనన్నాడు. ఆయనకు రావలసిన గోడ బిల్లు ఇంకా షావుకారుగారి చేతిలోనే ఉంది కాబట్టి షావుకారుగారే ఒక మాట అన్నారు. ఆదివారం పొద్దున ఎర్ర కారు జీడి కళ్లంలోకి వచ్చింది. తోడల్లుడు నాకేసి చూడకుండా దిగి, "ఇదిగో, మీ సైంటిస్టుగారికి ఇచ్చీండి," అని తాళం షావుకారుగారి చేతిలో పెట్టాడు.

వైరింగు పని చేసే ఒకాయనను కోటవురట్ల రోడ్డు నుంచి నేను పిలిపించాను. ఆయన బానెట్టు ఎత్తకముందే తీర్పు చెప్పాడు.

"మీటరు పోయిందండి. పాత బండికి పెట్రోలు ముల్లు కరెక్టుగా ఉంటే అదే ఇచిత్రం. కొత్తది ఏయించీండి."

"పోయిందని ఎలాగ తెలిసింది?"

"అన్నీ పోతాయండి."

నేను ఆయన్ని ఇంకేమీ అడగలేదు. మీటరు మాట అబద్ధమైతే అది నాలుగు చోట్ల ఎక్కడో ఒకచోట అబద్ధం కావాలి. ముల్లు ఉన్న డబ్బాలో, ట్యాంకు దాకా వెళ్లే తీగలో, బాడీకి పట్టిన ఎర్తులో, లేదా ట్యాంకులో తేలే బుడ్డిలో. ఒక్కొక్కటీ విడదీసి చూడాలి. మొదట ట్యాంకు దగ్గర తీగ ఊడదీయించి దాన్ని బాడీకి ఆనించమన్నాను. ముల్లు మెల్లగా నిండుకు వెళ్లింది. తీశాం, సున్నాకు వచ్చింది. అంటే డబ్బా మంచిదే, తీగ మంచిదే. బ్యాటరీ పక్కకు జరపబోయి ప్యాంటు కాల్చుకున్నది ఇక్కడే. తర్వాత డిక్కీలో, ట్యాంకు వెనక చివరన ఉన్న మూత విప్పి బుడ్డిని బయటికి లాగాం. సన్నటి కడ్డీ, దాని చివర నిమ్మకాయంత తేలే బుడ్డి. తీగ మళ్లీ తగిలించి, ఎర్తుకు ఇంకో తీగ కట్టి, కడ్డీని చేత్తో ఎత్తితే ముల్లు లేస్తుంది, దించితే దిగుతుంది. బుడ్డిని చెవి దగ్గర ఊపాను. లోపల పెట్రోలు చేరిన చప్పుడు లేదు. ఎర్తు బోల్టును ఉప్పుకాగితంతో రుద్ది చూశాను, ముల్లులో తేడా రాలేదు.

"అన్నీ బానే ఉన్నాయేటి?" అన్నారు షావుకారుగారు.

"బానే ఉన్నాయండి."

"అదే నాను సెప్పింది," అన్నాడు తోడల్లుడు, గోడ నీడలో కుర్చీ వేయించుకుని.

ట్యాంకు అడుగున మిగిలిన పెట్రోలు తీయించి, పనిముట్లు కడుక్కోమని వైరింగాయనకు ఇచ్చేశాను. అప్పుడే ఆయన బీడీ వెలిగించబోయాడు. షావుకారుగారు అరిచిన అరుపుకు గోడ మీద మేస్త్రీలు తాపీలు కింద పడేశారు. తర్వాత బుడ్డిని మళ్లీ లోపల బిగించి, నేను బంకులో లీటర్ల లెక్కన కొనితెచ్చిన ఇరవై లీటర్లను, కొలత గీతలున్న అయిదు లీటర్ల డబ్బాతో ఒక్కో విడతా పోశాను. కళ్లం నేల పిక్కలు ఆరబోయడానికి వేసింది, అద్దంలా చదును. అయిదుకు ముల్లు ఎర్రగీత పైన కాస్త లేచింది. పదికి పావు. పదిహేనుకు పావుకూ సగానికీ మధ్య. ఇరవైకి సరిగ్గా సగం.

తోడల్లుడు కుర్చీలోంచి లేచాడు.

"సగానికి ఎంత పట్టింది షావుకారుగారూ?"

"ఇరవై."

"నాను ఇచ్చిందెంత?"

"సగం."

"ఇంకేటి మిగిలింది? సొంత సేతులతో పోసి మరీ రుజువు సేసినాడు. దొంగతనం సేసినోడికి ఇంత ఓపికుంటాదని నాకు తెలీదు."

షావుకారుగారు నావైపు చూడకుండా జీడిపిక్క ఒకటి తీసి నేల మీద దొర్లించారు. వైరింగాయన పనిముట్లు సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. మీటరు తప్పు చూపిస్తుందని నిరూపించడానికి వచ్చి, అది ఎంత నిజం చెబుతుందో అందరికీ చూపించాను.

కానీ నిజం చెప్పే ముల్లు కొండ ఎక్కేటప్పుడు ఎందుకు లేచింది? దిగేటప్పుడు ఎందుకు పడిపోయింది? అది ఈ చదును మీద కదలడం లేదు. దాని పిచ్చి అంతా వాలులోనే ఉంది. నేను కారు కింద దూరాను. ట్యాంకు మామూలుగా కారుకు ఉండే తీరులో లేదు. పాతది తుప్పు పట్టి పోతే ఎవరో రేకుతో చేయించి అతికించినది, అతుకులు వెల్డింగువి. టేపు పెట్టి కొలిచాను. ముందు నుంచి వెనక్కి మీటరు పొడవు. అడ్డం నలభై సెంటీమీటర్లు. ఎత్తు పది, అంతే. పరుపులాంటి ట్యాంకు. బుడ్డి ఉన్నది వెనక చివర. మోచెయ్యి గీరుకుపోయింది, నొప్పి ఇంటికి వెళ్లాక తెలిసింది.

బయటికి వచ్చి, మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు అడిగాను.

"ఇప్పుడు గోడ కొలుత్తావేటి?" అన్నాడు తోడల్లుడు.

"నీ ర్యాంపు కొలుత్తాను."

ఆయన ఇల్లు కళ్లానికి రెండు వీధుల అవతలే. అందరూ వచ్చారు, ఆదివారం కాబట్టి పిలవనివాళ్లు కూడా. ర్యాంపు మీద రోజూ కారు నిలబడే చోట నాలుగు చక్రాల నల్ల మచ్చలు ఉన్నాయి. వెనక మచ్చ దగ్గర ట్యూబు ఒక చివర, ముందు మచ్చ దగ్గర ఇంకో చివర. తేడా ఇరవై రెండు సెంటీమీటర్లు. మచ్చల మధ్య దూరం రెండు మీటర్ల ఇరవై. పదికి ఒకటి వాలు. మీటరు పొడవున్న ట్యాంకు ఇక్కడ నిలబడితే దాని ముందు అంచు వెనక అంచు కంటే పది సెంటీమీటర్లు పైకి ఉంటుంది, ట్యాంకు ఎత్తే పది. కంచం ఒక పక్కకు వంచితే చారు ఎటు పోతుందో అందరికీ తెలుసు. ఇక్కడ పెట్రోలంతా వెనక్కి, బుడ్డి ఉన్న వైపుకే చేరుతుంది. ముల్లు సగం చూపించడానికి ఎంత కావాలో చూస్తే, ట్యాంకు వెనక సగంలో ముక్కోణంలా నిలబడేంత చాలు. పొడవు యాభై, వెనక గోడ దగ్గర ఎత్తు అయిదు, దాంట్లో సగం, అడ్డం నలభై. నేల మీద సుద్దతో వేసి చూశాను. అయిదు వేల ఘనపు సెంటీమీటర్లు, అంటే అయిదు లీటర్లు. బుడ్డి దగ్గర ఎత్తు అయిదు అంటే పదిలో సగం.

లేచి నిలబడి గట్టిగానే అన్నాను. "షావుకారుగారూ, ట్యాంకులో ఐదు లీటర్లు మాత్రం ఉంచి బండిని ఇక్కడ నిలబెడితే ముల్లు సగం సూపిస్తాది. సూపించకపోతే నా జన్మలో మీ కాటా దగ్గరికి రాను."

"మాట మీదుండు," అన్నాడు తోడల్లుడు.

"నువ్వు కూడా."

కళ్లంలో పదిహేను లీటర్లు బయటికి తీసి డబ్బాల్లోకి కొలిచాం. ముల్లు మళ్లీ ఎర్రగీత పైకి వచ్చి కూర్చుంది. ఇంజను వేయనివ్వలేదు, చుక్క తగ్గినా నా మీదకే వస్తుంది. కూలీలు నలుగురు కారును తోసుకుంటూ తీసుకెళ్లారు. ఎర్ర స్పోర్ట్స్ కారును తోస్తుంటే పిల్లలు వెనక చేరి ఊరేగింపులా అరిచారు. తోడల్లుడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

చక్రాలు మచ్చల మీదకు వచ్చాక ఆయనే తాళం తిప్పాడు. నేను తలుపు దగ్గర వంగలేదు. షావుకారుగారే వంగారు. ఆ ముల్లు బద్ధకం ముల్లు, లేవడానికి టైము తీసుకుంటుంది. ముందు కదలనే లేదు. తోడల్లుడు నవ్వాడు. తర్వాత పావు దగ్గరికి వచ్చింది. ఆయన నవ్వు అలాగే ఉంది గాని దాంట్లో మనిషి లేడు. ముల్లు మధ్య గీత మీద ఆగింది.

"సగం," అన్నారు షావుకారుగారు.

"పక్కనుంచి సూస్తే అలాగే కనిపిస్తాది."

"అయితే నువ్వు ఎదురుగా కూకున్నావు కదా, నువ్వు సెప్పు."

నేను ఇంకో అయిదు పోశాను. ముప్పావుకు దగ్గరగా వెళ్లింది. ఆ పైన ఇంకో పది పోశాను. ముల్లు నిండుకు కొట్టుకుంది. నలభై లీటర్ల ట్యాంకు ఇరవైతో నిండిపోయింది ఆ వీధిలో. పై మెట్టు మీద వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది నవ్వో, ఇంకోటో నేను అడగలేదు.

"కాంట్రాక్టరుగారూ, ఇంకేటంటారు?" అన్నారు షావుకారుగారు.

"అనీదేముందండి. బండి పాతది."

"ఈయన్ని దొంగన్నారు కదా."

"నాను అలగనలేదు. పెట్రోలు తగ్గిందన్నాను."

"మా కళ్లంలో నిలబడి గొట్టం పెట్టి లాగినాడన్నారు. మా మేస్త్రీలు ఇన్నారు."

"కోపంలో ఏటేటో అంటాం. అయినోళ్ల మధ్యన అదో లెక్కా?"

అది లెక్కే. నేను అదే అన్నాను. "అన్నియ్యా, వచ్చే సంతకి కొయ్యూరు రా. కాటా దగ్గర నిలబడి, నా తోడల్లుడు పెట్రోలు తియ్యలేదు, తప్పు నాది అని నీ నోటితో సెప్పు. ఈ గొడవ ఇక్కడితో ఒగ్గేద్దాం."

"సంతలోకి నానా? పిక్కలమ్ముకునే ఆడోళ్ల ముందరా?"

"నన్ను దొంగని నమ్మింది ఆళ్లే కదా."

ఆయన కారు దిగి పెట్రోలు మూత బిగించి తాళం వేశాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, లోపల ఉన్నదంతా నా డబ్బుతో కొన్నదని.

"ఆ పెట్రోలు నాది."

"నా టేంకులో ఉన్నది నాదే. పొద్దుట్నించీ నా బండి ఇప్పి నానా రకాలుగా పొడిసినావు. ఆ కూలి కింద జమ ఏసుకో," అని మెట్లెక్కి తలుపు వేసుకున్నాడు.

షావుకారుగారు నన్ను కళ్లం దాకా నడిపించుకుంటూ తీసుకెళ్లారు. ఈ సీజనుకు బావమరిదికి మాట ఇచ్చేశానని, వచ్చే సీజను నుంచి కుర్చీ నాదేనని చెప్పారు. అన్న మాట ప్రకారం ఇచ్చారు కూడా. నర్సీపట్నంలో ఆ రోజు ర్యాంపు దగ్గర ఉన్నవాళ్లు ఎవరూ నన్ను దొంగ అనరు. కొయ్యూరులో మాత్రం ర్యాంపు చూసినవాళ్లు లేరు. నేను ఈ రోజుకీ కాటా దగ్గర పెట్రోలు బాబునే, నా బస్తాలు ఈ రోజుకీ కొన్ని రెండుసార్లు తూగుతున్నాయి. రెండోసారి కూడా అదే అంకె వస్తుంది. అయినా తూయమంటారు.

వదిన మా ఆవిడకు మనిషి చేత రెండుసార్లు డబ్బు పంపింది. నేను తిప్పి పంపాను. "డబ్బు తీసుకుంటే ఏమవుతుందండీ, అక్క మొహమైనా చూస్తాను కదా," అని మా ఆవిడ ఏడ్చింది. ఆవిడ చేతిలో ఉన్నది ఆ ఇంటి డబ్బు. నాకు రావలసింది డబ్బు కాదు. రూపాయలు ఇచ్చి చేతులు దులుపుకుంటే ఆయన దృష్టిలో అది నాకు వేసిన ముష్టి అవుతుంది. ఏది తీసుకున్నాడో అదే, లీటర్లలో, ఆయన చేత్తో తెచ్చి, నా వాకిట్లో పోయాలి. సంతలో ఆయన చెప్పని మాటను నేను కొలవలేను. పెట్రోలును కొలవగలను, అందుకని దాన్నే అడుగుతున్నాను.

పోసింది ఇరవై. నాకు కారు ఇచ్చిన రోజున అందులో ఉన్న అయిదూ ఆయనవి, నేనే తగలబెట్టాను, తీసేస్తున్నాను. మిగిలినవి పదిహేను లీటర్లు. ఈ రోజుకీ పదిహేనే.